అమ్మ ఎక్కిన రైలు పెట్టె

టర్పెంటైన్ వాసన ఇప్పటికీ నాకు పడదండి. మొన్న మా ఎదురింటివాళ్ళు గేటుకి ఎర్ర రంగు వేయిస్తుంటే, మిషను తొక్కుతున్నదాన్ని కాలు ఆగిపోయి అలాగే కూర్చుండిపోయేను. జాకెట్టు కోసం వచ్చినావిడ "ఏవండీ కరుణగారూ, ఒంట్లో బాగోలేదా" అనడిగింది. "ఆయ్, బాగానే ఉందండీ" అన్నాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎర్ర రంగు డబ్బా మూత తీసేరంటే మా పేటలోంచి ఎవరో వెళ్ళిపోయేరనే లెక్క. ఆ వాసన తాటాకు కప్పులో పట్టుకుని రోజుల తరబడి ఉండేది, అన్నంలోకి కూడా వచ్చేది, మనిషి వెళ్ళిపోతే ఇల్లు అలాగే వాసనేస్తుంది కాబోలు అనుకునేదాన్ని.

నేను చదివింది అయిదో తరగతి. జాకెట్టు కొలతలు తప్ప ఇంకేదీ రాసి ఎరగను. తప్పులుంటే సరిచేసుకుని చదువుకోండి. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, అందుకని మొదలెట్టేను.

మాది రాజోలుకి అవతల కాలవ గట్టు మీద పేట. చుట్టూరా కొబ్బరి తోటలు, తోటల మధ్య బోదెలు, బోదెల్లో పీచు నానబెట్టిన నల్లనీళ్ళు, వానాకాలం వస్తే ఆ నీళ్ళ కంపు, ఎండాకాలం వస్తే ఎండబెట్టిన కొబ్బరి తియ్యటి జిడ్డు వాసన, ఈ రెండు వాసనల మధ్యే మేము పెరిగేం. పడవ, పంటు, ఎడ్లబండి, బస్సు అన్నీ ఎరుగుదుం గానీ మా కోనసీమలో రైలు లేదండి. రైలెక్కాలంటే సఖినేటిపల్లి రేవులో మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నర్సాపురం వెళ్ళాలి. బళ్ళో మాస్టారు రైలు బొమ్మ వెయ్యమంటే మా క్లాసు పిల్లలు జెర్రిని వేసేవారు, కాళ్ళతో సహా. నేను మాత్రం కిటికీకి ఎన్ని ఊచలుంటాయో, పైకప్పు మీద గాలి బుడిపెలు ఎక్కడెక్కడుంటాయో, తలుపు పక్కన పట్టుకునే కడ్డీ ఎంత పొడుగుంటుందో కళ్ళు మూసుకుని వేసేదాన్ని. నేనూ రైలు చూడలేదు. కానీ మా ఇంట్లో రైలుంది.

అది మా నాన్నగారు చేసిన రైలు. నాన్నగారి పేరు దేవదానం. పెళ్ళికి ముందు ఎక్కడో రైలు పెట్టెలకి రంగులు వేసే చోట పని చేసేవారంట. ఓ రోజు పెట్టె పైకప్పు మీంచి జారి పడి ఎడంకాలు వంకరపోయింది, ఇంటికొచ్చేసేరు. తర్వాత రేకు పని పట్టుకున్నారు. కిరసనాయిలు బుడ్డిదీపాలు, గరాటులు, నూనె కొలిచే గిద్దలు, బాల్చీల అడుగులు, ఇవన్నీ మా అరుగు మీదే తయారయ్యేవి. కుంపట్లో రాగి మొన ఎర్రగా కాలుతుండేది, దాన్ని నవాసారం గడ్డ మీద రుద్దితే తెల్లటి పొగ లేచి ముక్కులు మండిపోయేవి, టంకం బొట్టు రేకు మీద పడి వెండి చుక్కలాగ అటూ ఇటూ పరిగెత్తేది. నాన్నగారు అతికితే అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలిసేది కాదు. అంత సాపు.

రైలు పెట్టెలు చేసేటప్పుడు ఆయన ఇంకో మనిషైపోయేవారు. అడుగుకి పావంగుళం లెక్కన, నిజం పెట్టె ఎంతుందో దానికి సరిగ్గా తగ్గించి చేసేవారు. నూనె డబ్బా రేకు పెట్టెకి, గొడుగు ఊచలు కిటికీలకి, చొక్కా టిచ్ బొత్తాలు పైకప్పు మీద బుడిపెలకి, కొబ్బరీనెలు లోపలి చెక్క బల్లలకి, సైకిలు చైను ముక్కలు పెట్టెకీ పెట్టెకీ మధ్య కొక్కేలకి. ప్రతి కిటికీకీ కిందకీ పైకీ జరిగే చిన్న రేకు తలుపు ఉండేది, గోటితో లాగితే దిగేది. ఎరుపు రంగు కొబ్బరి చిప్పలో పోసి అందులో కాస్త నలుపు, కాస్త గోధుమరంగు కలిపి, చిప్పని ఎండలోకీ నీడలోకీ తిప్పి చూసి, "ఇంకా పచ్చిగా ఉంది" అనేవారు. ఆయనకి కావలసిన ఎరుపు ఆరిపోయిన నెత్తురు రంగు. "నాన్నా, ఇంకో ఊచ ఎక్కువెయ్యి, గట్టిగా ఉంటుంది" అని నేనంటే, "బండికి లేనిది మనం పెట్టకూడదే అమ్మలూ, అది అబద్ధం చెప్పినట్టు" అనేవారు.

ఈ పెట్టెలు ఎందుకు చేసేవారో చెప్పాలి. మా పేటలో ఆడవాళ్ళు మస్కట్టు, కువైటు వెళ్ళి ఇళ్ళల్లో పని చేసేవారు. అందరికంటే ముందు వెళ్ళింది నాన్నగారి అక్క, మా ఎస్తేరత్త. ఆవిణ్ణి నర్సాపురంలో హైదరాబాదు బండి ఎక్కించి వచ్చి నాన్నగారు అన్నం ముట్టుకోలేదంట. కుంపటి అంటించి, ఆవిడ ఎక్కిన పెట్టె ఎలా ఉందో అలాగే చేసి, ఆవిడ కూర్చున్న కిటికీకి ఆవిడ చీర పేలిక ఒకటి పరదాలాగ కట్టి గోడ మీద బల్ల మీద పెట్టేరు. తర్వాత ఇంకొకావిడ వెళ్ళింది, వాళ్ళాయన వచ్చి "మా దానిది కూడా చెయ్యండి దేవదానంగారూ" అన్నాడు. అలా ఎవరు వెళ్తే వాళ్ళ పెట్టె చేసి ముందు పెట్టెకి కొక్కెం తగిలించేవారు. నడిమింట్లో గోడ పొడుగునా ఈ మూల నుంచి వీధి గుమ్మం దాకా బల్ల కొట్టేరు, దాని మీద రైలు పెరుగుతూ వచ్చింది. వెళ్ళినావిడ తిరిగొస్తే ఆ పెట్టె కొక్కెం తీసి వాళ్ళింటికి ఇచ్చేసేవారు. అందులో ఒకటే కట్టుబాటు. మనిషి ఇంటికొచ్చి, సొంత కుండలో మంచినీళ్ళు ముంచుకు తాగిన తర్వాతే కొక్కెం తియ్యాలి. అప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

వంకర కాలితోనే నాన్నగారు ప్రతిసారీ నర్సాపురం వెళ్ళేవారు. స్టేషన్లో అందరూ ఏడుస్తుంటే ఈయన పెట్టె పొడుగునా జాన వేసి కొలుచుకుంటూ, కిటికీలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ నడిచేవారు. ఒకసారి ఎవరో ముసలావిడ "పిల్ల వెళ్ళిపోతుంటే ఈయనేంటమ్మా, బండికి జాకెట్టు కొలతలు తీస్తన్నాడు" అందంట. "జాకెట్టు బిగువైతే విప్పి కుట్టొచ్చండి, ఇది తప్పు చేస్తే మీ పిల్ల ఏ బండిలో తిరిగొస్తుందండీ" అన్నారంట ఈయన.

ఆదివారం ఆరాధన అయిపోయేక తెల్ల చీరల్లో ఆడవాళ్ళు మా ఇంటికొచ్చేవారు. ఎవరి పెట్టె దగ్గర వాళ్ళు నిలబడి కొంగుతో దుమ్ము తుడిచేవారు, పక్క పెట్టె మాత్రం ముట్టుకునేవారు కాదు. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఒక్కొక్క పేరూ చెప్పి ప్రార్థన చేసేది. ఒకసారి పాస్టరయ్యగారు వచ్చి "ఇదేంటి దేవదానం, విగ్రహాల్లాగ వరసగా పెట్టి దణ్ణాలు పెడుతున్నారు" అన్నారు. "బొమ్మలేనండీ అయ్యగారూ, ఆడుకోడానికి" అన్నారు నాన్నగారు. "మరి పిల్లల్ని ముట్టుకోనివ్వరేం?" "ఇవింకా రాలేదండీ. వచ్చినవాటితో ఆడుకుంటున్నారు కదా, చూడండి" అని వీధిలోకి చూపించేరు. నిజమే, వచ్చేసినవాళ్ళ పెట్టెలకి తాడు కట్టి పిల్లలు బురదలో ఈడ్చుకుంటూ తిరిగేవారు. రెండు వానలకి అవి తుప్పట్టి పోయేవి. అలా పోతే నాన్నగారికి సంతోషం.

నాకు మాత్రం ఆ బల్లంటే భయం. సముద్రం వైపు నుంచి గాలి వచ్చినప్పుడు పెట్టెలన్నీ కాస్త కదిలి కొక్కేలు టిక్కు టిక్కుమనేవి, ఆ చప్పుడు ఈ మూల మొదలై గుమ్మం దాకా వెళ్ళి ఆగేది. ఎవరో లోపల లేచి కూర్చున్నట్టుండేది.

భయానికి ఇంకో కారణం సుగుణమ్మ పెట్టె. సుగుణమ్మ మా పక్కింటావిడ, నాకు తల దువ్వి రెండు జడలు వేసేది, ఎప్పుడూ నవ్వు మొహమే. మస్కట్టు వెళ్ళిన మరుసటేడు జ్వరమొచ్చి పోయిందని, అక్కడే సమాధి చేసేసేరని కబురొచ్చింది. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి బల్ల కింద కూలబడిపోయింది. పెట్టె తీసి ఆవిడకి ఇచ్చేస్తారనుకున్నాను. నాన్నగారు తియ్యలేదు. "నీళ్ళు తాగలేదు కదండీ అత్తా, ఎలా తియ్యను" అన్నారు మెల్లిగా. తర్వాత స్టూలెక్కి, ఆ పెట్టె కిటికీల రేకు తలుపులు ఒక్కొక్కటే గోటితో కిందకి దించేసేరు. చీర పేలిక లోపలుండిపోయింది. ఆ రోజు నుంచీ అన్ని పెట్టెల కిటికీలూ తెరిచి ఉండేవి, అది ఒక్కటి మూసుకుని ఉండేది, అయినా రైల్లోనే ఉండేది. అన్నం తింటూ తలెత్తితే అదే కనపడేది.

ఇదంతా జరిగిన ఏడాదే తుఫాను గాలికి మా కప్పు ఎగిరిపోయింది. కొబ్బరిచెట్లు విరిగి కాలవకి అడ్డంగా పడ్డాయి, ఇల్లంతా తడి, గోడలు నాని ఒరిగిపోయేయి. బల్ల ఉన్న గోడ ఒక్కటే నిలబడింది. బల్ల మీద పెట్టెలన్నీ పడి ఉంటాయనుకుంటే ఒక్కటీ పడలేదు, కొక్కేలు పట్టుకున్నాయి. మా అమ్మ ఆ తడిలో నిలబడి చాలాసేపు బల్ల వైపే చూసింది. క్రిస్మస్ అయ్యేక నేను కూడా వెళ్తానంది.

ఆ క్రిస్మస్‌కి అమ్మ చేసిన పిండివంటలు నాకింకా నోట్లో ఉన్నాయి. పక్కింటి వసారాలో పొయ్యి పెట్టి గులాబీ పువ్వులు వేయించింది, అచ్చుని నూనెలో ముంచి పిండిలో ముంచి మళ్ళీ నూనెలో పెడితే పువ్వు విడివడి తేలేది, నేను లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. అరిసెలు కూడా చేసింది, నెలైనా మెత్తగా ఉండాలని పాకం లేతగా తీసింది. వెదురుబద్దలతో కట్టిన నక్షత్రం గుమ్మానికి వేలాడదీసేం. చెల్లి విమల అప్పటికింకా అమ్మ చంకలోదే. అమ్మ అరిసెలు నొక్కుతూ అడిగింది.

"ఏవండీ, నా పెట్టె ఎప్పుడు మొదలెడతారు?"

"నువ్వెళ్ళేక."

"ముందే చేసేస్తే చూసి వెళ్దును కదా."

"వెళ్ళకుండా చెయ్యకూడదు సువార్తా. వచ్చి చూద్దువుగానిలే."

అమ్మ నవ్వింది. "మీ పనికి వంక పెట్టడానికైనా వస్తాను" అంది.

పంటు మీద నిలబడి వెళ్ళిపోయింది అమ్మ, నాన్నగారు నర్సాపురం దాకా వెళ్ళేరు, నన్నూ మామ్మనీ రేవులోనే ఆపేసేరు. గోదావరి ఆ రోజు నూనె పోసినట్టు కదలకుండా ఉంది. తిరిగొచ్చేక నాన్నగారు ఎర్ర రంగు డబ్బా తీసేరు. అంత నిదానంగా ఏ పెట్టే చెయ్యలేదు ఆయన. మమ్మల్ని దగ్గరకి రానివ్వలేదు, అరుగు మీద కాకుండా లోపల కూర్చుని చేసేరు. అయిపోయేక చూస్తే అమ్మ కట్టుకెళ్ళిన ఆకుపచ్చ వాయిలు చీర కొంగులోంచి చింపిచ్చిన పేలిక మూడో కిటికీకి వేలాడుతోంది. సుగుణమ్మ పెట్టె పక్కనే దాన్ని తగిలించేరు, అప్పటికి అదే చివరిది.

అమ్మ దగ్గర్నుంచి ఉత్తరాలు వచ్చేవి కావు, అమ్మకి రాయడం రాదు. క్యాసెట్లు వచ్చేవి. సెలవు మీద వచ్చేవాళ్ళు సూట్‌కేసులో తెచ్చి ఇచ్చేవారు, అప్పటికే తిరిగొచ్చేసిన ఎస్తేరత్త ఇంట్లో టేపురికార్డరు దగ్గర అందరం చుట్టూ కూర్చునేవాళ్ళం. "కరుణా, చెల్లికి పేలు చూస్తన్నావా. అత్తా, మీ మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి. ఏవండీ, నా పెట్టెకి దుమ్ము పట్టనివ్వకండి" అని మొదలెట్టి, అక్కడి ఎండ గురించి, ఆ ఇంటి పిల్లల గురించి చెప్పేది. విమల టేపురికార్డరు వెనక్కి వెళ్ళి అమ్మ కోసం వెతికేది. ఆఖరి క్యాసెట్టులో అమ్మ గొంతు బాగా చిన్నగా ఉంది. క్రిస్మస్‌కి వచ్చేస్తన్నాను, వీళ్ళు వద్దన్నా వచ్చేస్తాను అంది. వెనకాల ఎక్కడో తలుపు తీసిన చప్పుడైంది. అమ్మ మాట ఆపేసింది. ఆ తర్వాత క్యాసెట్టు అయిపోయేదాకా ఉత్త గాలి. మామ్మ అది మళ్ళీ మళ్ళీ వేయించుకుని వినేది, ఆ గాల్లో ఏమైనా వినపడుతుందేమోనని.

క్రిస్మస్ ముందు వారం టెలిగ్రాం వచ్చింది. బొంబాయిలో దిగేను, బయల్దేరుతున్నాను అని. పోస్టుమేన్ చదివి చెప్తుంటే నాన్నగారు ఆయన చేతులు పట్టుకున్నారు. తర్వాత ఏం చేసేరంటే, స్టూలెక్కి, అమ్మ పెట్టెకి అటు ఒకటి ఇటు ఒకటి ఉన్న కొక్కేలు తీసేసేరు. అమ్మ తర్వాత వెళ్ళినవాళ్ళ పెట్టెలు జరిపి సుగుణమ్మ పెట్టెకి తగిలించేసేరు. కట్టుబాటు పెట్టిన మనిషే అది మర్చిపోయేరు. మర్చిపోలేదేమో కూడా.

మామ్మ వంటింట్లోంచి వచ్చి చూసి ఆగిపోయింది. "ఒరే అబ్బాయ్, అది ఇంకా ఇంటికి రాలేదు."

"వచ్చేసినట్టేనమ్మా. చూస్తానంది కదా. స్టేషన్లోనే చూపిస్తాను."

"నీళ్ళు తాగనియ్యరా."

"అమ్మా, ఈ ఒక్కసారికీ ఊరుకో."

మామ్మ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెట్టెని కొత్త తువ్వాల్లో చుట్టి నాన్నగారు ఒళ్ళో పెట్టుకున్నారు, నన్ను కూడా తీసుకెళ్ళేరు. పంటు మీద మంచు కమ్మేసి అవతలి ఒడ్డు కనపడలేదు, ఇంజను చప్పుడు ఒక్కటే. నర్సాపురం స్టేషన్లో నేను మొదటిసారి రైలు చూసేను. అది మెల్లిగా లోపలికి వస్తుంటే నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, మా బల్ల మీదదే పెద్దదయ్యి వస్తున్నట్టుంది. నాన్నగారు తువ్వాలు విప్పి పెట్టెని రెండు చేతుల మీదా ఎత్తి పట్టుకున్నారు, అమ్మకి దూరం నుంచే కనపడాలని. జనం దిగేరు. చుట్టాలు వాటేసుకున్నారు. కూలీలు సామాన్లు ఎత్తుకెళ్ళిపోయేరు. చివర్లో నగరం ఊరి మేరమ్మ దిగింది, అమ్మతో పాటు మస్కట్టులో పని చేసినావిడ. ఆవిడ దగ్గర రెండు సూట్‌కేసులున్నాయి. మమ్మల్ని చూసింది, నాన్నగారి చేతుల్లో ఉన్నదాన్ని చూసింది, చూసి ఆ సూట్‌కేసు మీదే కూర్చుండిపోయింది. రెండో సూట్‌కేసు అమ్మది.

ఇద్దరూ బొంబాయిలో ఒకే పెట్టె ఎక్కేరంట. అమ్మకి ఒంట్లో నలతగా ఉందంట, దాహం దాహం అంటోందంట. పేరు చదవడం రాని ఏదో స్టేషన్లో బండి ఆగితే, సీసా పట్టుకుని మంచినీళ్ళకి దిగిందంట. కుళాయి దగ్గర జనం. బండి కదిలింది. వెనక పెట్టెల్లో ఎక్కేసి ఉంటుందిలే అనుకున్నారంట. తర్వాతి స్టేషన్లో మేరమ్మ దిగి పెట్టె పెట్టెకీ వెతికిందంట. లేదు.

"సీసా పట్టుకుని నావైపు చెయ్యి ఊపింది అన్నయ్యగారూ, వస్తన్నాననే ఊపింది" అని మేరమ్మ అదే మాట అంటూ ఉంది. నాన్నగారు తువ్వాలు మళ్ళీ చుట్టేరు.

ఇంటికి రాలేదాయన. నన్ను మేరమ్మతో పంపించేసి అట్నుంచటే వెళ్ళిపోయేరు. ఆ దారిలో ఉన్న స్టేషన్లన్నీ తిరిగేరంట. భాష రాదు. పోలీసులకి, టీ అమ్మేవాళ్ళకి, ఊడ్చేవాళ్ళకి సంచీలోంచి పెట్టె తీసి, ఇలాంటి దాంట్లోంచి, ఈ కిటికీ దగ్గర కూర్చున్న మనిషి దిగిందని వేలు పెట్టి చూపించేవారంట. కొంతమంది బొమ్మలమ్ముకునేవాడనుకుని బేరం ఆడేరంట. తిరిగొచ్చేటప్పటికి గడ్డం పెరిగిపోయి, ఆ వంకరకాలు వాచిపోయి ఉంది. ఇంకో నాలుగైదు సార్లు అలాగే వెళ్ళేరు. ఏ కబురూ లేదు. పోయిందనీ లేదు, ఉందనీ లేదు.

మామ్మ ఒకటే అడిగింది, పెట్టెని మళ్ళీ రైలుకి తగిలించమని. నాన్నగారు ఒప్పుకోలేదు. "తగిలించాలంటే మనిషి ఇక్కణ్ణుంచి వెళ్ళాలమ్మా. అది అక్కణ్ణుంచి బయల్దేరేసింది. దారిలో ఉంది" అన్నారు. రైలుకి దూరంగా, బల్ల మీద ఒంటరిగా పెట్టేరు. ప్రతి క్రిస్మస్‌కీ ఆరాధన నుంచి వచ్చేక దాన్ని గుమ్మం వైపు ఒక వేలెడు జరిపేవారు. మేము చూడనట్టు ఊరుకునేవాళ్ళం. మామ్మ రోజూ పొద్దున్నే కుండలో నీళ్ళు పారబోసి కొత్తనీళ్ళు నింపేది, పోయేదాకా నింపింది.

నాన్నగారు ఇంక కొత్త పెట్టెలు చెయ్యలేదు. ఎవరొచ్చి అడిగినా "చెయ్యి తిరగట్లేదండీ" అనేవారు. ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చేరు, నీళ్ళు తాగేరు, పెట్టెలు పట్టుకెళ్ళిపోయేరు, బల్ల ఖాళీ అయిపోతూ వచ్చింది. అమ్మ పెట్టెకి మాత్రం పని ఆపలేదు. రైళ్ళు ఎరుపు పోయి నీలం రంగుకి మారితే నర్సాపురం వెళ్ళి చూసొచ్చి, ఎరుపు మీద నీలం వేసేరు. "ఇప్పుడెక్కితే నీలందే కదా ఎక్కుతుంది" అన్నారు. ఆపదొస్తే దూకడానికి ఊచల్లేని కిటికీలు పెట్టేరని తెలిస్తే, ఆ కిటికీ ఏదో చూసొచ్చి దానికి ఊచలు పీకేసేరు. చెక్క బల్లలు పోయి మెత్తటి సీట్లొస్తే కొబ్బరీనెలు తీసి గుడ్డ అతికేరు. అన్నీ మారేయి, మూడో కిటికీ పేలిక ఒక్కటీ మారలేదు.

నాన్నగారు కిందటేడు పోయేరు. చివర్లో సుగుణమ్మ పెట్టెని తన పక్కన పెట్టి సమాధిలోకి పంపించమన్నారు. "దాన్ని నేను దింపుతాలే" అన్నారు. అలాగే పెట్టేం.

మొన్న విమల వచ్చింది. అది ఇప్పుడు అమలాపురంలో బళ్ళో టీచరు. ఈస్టరుకి సమాధులకి సున్నం వేస్తారు కదండీ, ఆలోపు నాన్నగారి రాయి మీద అమ్మ పేరు కూడా చెక్కించేద్దాం అంది. "ఎన్నాళ్ళక్కా ఇలాగ. అమ్మ మొహం కూడా నాకు గుర్తులేదు. ఒక పేరైనా ఎక్కడో ఉండాలి కదా, పువ్వు పెట్టుకోడానికి" అంది. అది ఏడవలేదు. నిజం చెప్పాలంటే నాకూ అలిసిపోయినట్టుంది. పెట్టె జరిగి జరిగి బల్ల చివరకొచ్చేసింది, వచ్చే క్రిస్మస్‌కి జరపడానికి చోటు లేదు. సరేలే అన్నాను.

పేరు చెక్కించాలంటే ముందు కిటికీలు దించాలి, సుగుణమ్మకి చేసినట్టు. పెట్టె దింపి మిషను మీద పెట్టేను. విమల పక్కన నిలబడింది. ఒక్కొక్క రేకు తలుపూ గోటితో లాగితే కిర్రుమంటూ దిగింది. అటు వైపువన్నీ దించేసేను. ఇటు వైపు ఒకటి, రెండు. మూడోది కదల్లేదు. తుప్పనుకున్నాను. పేలిక పక్కకి తీసి కత్తెర మొనతో గీరేను. నీలం రంగు పెచ్చులూడింది. దాని కింద ఎరుపు. ఆ ఎరుపు కూడా గీరితే, కింద తెల్లగా మెరిసింది. టంకం. తలుపుని పైకెత్తి, మళ్ళీ ఎప్పుడూ దిగకుండా అటూ ఇటూ అతికేసేరు. ఎరుపు కింద ఉందంటే అది అమ్మ తప్పిపోయేక వేసింది కాదు. అమ్మ వెళ్ళిన వారంలోనే, మమ్మల్ని దగ్గరకి రానివ్వకుండా లోపల కూర్చుని వేసింది.

విమల వంగి దాని మీద బొటనవేలు పెట్టి చూసింది. "ఇంత మొరటుగా ఉందేంటక్కా. నాన్నగారి అతుకు ఇలా ఉండదు కదా" అంది. నిజమే. బొట్లు బొట్లుగా, ఎత్తుపల్లాలుగా, చెయ్యి ఆగని మనిషి వేసినట్టుంది. బండికి లేనిది నాన్నగారు చేసింది అదొక్కటే.

తర్వాత విమలే దించిన తలుపులన్నీ మళ్ళీ ఒక్కొక్కటే పైకెత్తింది. "రాయి మీద నాన్నగారి పేరొక్కటే ఉంచుదాంలే" అంది.

ఇప్పుడు మా వైపు రైలు వస్తుందంటున్నారు, గోదావరిలో స్తంభాలు లేచి నిలబడ్డాయి, పంటు మీద నుంచి చూస్తే నీళ్ళల్లో తలల్లేని మనుషుల్లాగ వరసగా ఉంటాయి. అరుగు లేదు, కుంపటి లేదు, బుడ్డిదీపం కావాలన్నవాళ్ళు లేరు. మస్కట్టు వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు, ఫోన్లో రోజూ మొహాలు చూసుకుంటున్నారు, ఎవరు ఏ పెట్టె ఎక్కేరో ఎవరూ చూడట్లేదు. అమ్మ పెట్టెని బల్ల మీంచి తీసి గుమ్మం పక్కన గూట్లో పెట్టేను, వీధి కనపడేలాగ. సముద్రం గాలి వచ్చినప్పుడు వింటూ ఉంటాను. చప్పుడేం రాదు. కొక్కెం తగలడానికి పక్కన ఇంకో పెట్టె లేదు, ఆ కిటికీ అయితే ఎంత గాలొచ్చినా కదలదు.